మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకి రెండు లక్షలు: దేని మీద పెడితే ఉపయోగం?

నిజాంపేట్ ట్రెజరర్:

అందరికీ నమస్కారం. మాది నిజాంపేట్‌లో 45 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కింద పిల్లర్ల మధ్య స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, రెండు మెట్ల దారులు. పోయిన ఉగాది నుంచి అసోసియేషన్ ట్రెజరర్ పని నేను చూస్తున్నాను.

సంక్రాంతికి సగం బిల్డింగ్ ఖాళీ అయింది, మేమూ భీమవరం వెళ్ళాం. తిరిగొచ్చి చూస్తే పార్కింగ్‌లో రెండు బైకులు లేవు. నాలుగో అంతస్తులో తాళం వేసిన ఒక ఫ్లాట్ గడియ వంగిపోయి ఉంది. లోపలికి ఎవరూ వెళ్ళలేకపోయారు, అదొక్కటే ఊరట. ఎనిమిది కెమెరాలున్నాయి కదా, ఫుటేజీ తీద్దామంటే చివరి ఐదారు రోజులది తప్ప ఏమీ లేదు. కంప్లయింట్ ఇచ్చాం, ఎస్సై గారు వచ్చి చూసి వెళ్ళారు. పక్క వీధి కెమెరాలు పరిశీలిస్తున్నారు.

జనరల్ బాడీ మీటింగ్‌లో కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దాచిపెట్టిన ఉమ్మడి నిధి) నుంచి రెండు లక్షలు వాడుకోమని ఒప్పుకున్నారు, కానీ దేనికో తేలలేదు. కొందరు పదహారు కెమెరాలు పెట్టిద్దామంటారు, కొందరు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళను నమోదు చేసే యాప్ పెడదామంటారు. మిగతావాళ్ళు వాచ్‌మన్‌ని తీసేసి ఏజెన్సీ గార్డులను పెట్టాలంటున్నారు. నాకు నిద్ర పట్టనిది ఈ మూడో మాటతోనే. మా వాచ్‌మన్ కుటుంబం నారాయణఖేడ్ నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళుగా మాతోనే ఉంది. తెల్లవారుజామున అయిదింటికి మోటార్ వేస్తాడు, కార్లు తుడుస్తాడు, చెత్త దింపుతాడు, గ్యాస్ సిలిండర్ పైకి మోస్తాడు. అలాంటి మనిషి రాత్రి రెండింటికి మెలకువగా లేడని మా వాట్సాప్ గ్రూపులో నానా మాటలూ అన్నారు. ఒకాయనైతే అతన్నే అనుమానించాడు. అతని భార్య ఆ మెసేజ్ చదివి మా ఇంటికొచ్చి ఏడ్చింది. ఏ ఆధారమూ లేకుండా ఒక మనిషి మీద అలా నింద వేయడం నేను ఒప్పుకోను. దొంగతనాలు ఆగాలి, ఆ కుటుంబానికి అన్యాయం జరగకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు దారి చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ సీసీ కెమెరా మెకానిక్:

అన్నా, కొత్త కెమెరాలు తర్వాత కొనండి. ముందు డీవీఆర్‌లో, అంటే కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బాలో, హార్డ్‌డిస్క్ ఎంతదో చూడండి. ఒక టీబీదే, అంటే వెయ్యి జీబీదే అయ్యుంటుంది. రెండు మెగాపిక్సెల్ కెమెరా ఒకటి సెకనుకు రెండు మెగాబిట్ల లెక్కన రికార్డు చేస్తే రోజుకు 21 జీబీ దాకా తింటుంది. ఎనిమిదింటికి 170 జీబీ దాటుతుంది. అంటే ఆరో రోజుకల్లా డిస్క్ నిండిపోయి పాతది చెరిపేస్తూ కొత్తది రాసుకుంటుంది. మీకు జరిగింది అదే. పండగకు వారం, పది రోజులు ఊళ్ళో ఉండేవాళ్ళకు ఆ ఫుటేజీ దేనికి పనికొస్తుంది? తెలంగాణలో జనం ఎక్కువగా వచ్చిపోయే షాపులు, ఆసుపత్రులు, స్కూళ్ళ లాంటి చోట్ల ఫుటేజీ 30 రోజులు దాచాలని 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం చెప్తుంది. మీరూ ఆ లెక్కే పెట్టుకోండి. అందుకు ఆరు టీబీ సర్వైలెన్స్ డిస్క్ (సీసీ కెమెరాల రికార్డింగ్ కోసం చేసేది) కావాలి. మీ డీవీఆర్ అంత పెద్ద డిస్క్ తీసుకుంటుందో లేదో కొనేముందే అడగండి. వీడియోని బాగా కుదించే హెచ్.265 సెట్టింగ్ ఉంటే దాదాపు సగం స్థలంలో సరిపోతుంది.

గేటు కెమెరా పిల్లర్ పైన, నేరుగా కిందికి చూస్తున్నట్టు బిగిస్తారు. అందులో మనిషి నడినెత్తి కనిపిస్తుంది, ముఖం కనిపించదు. బండి నంబరు కోసం ఒకటి కిందకి దింపి బిగించండి. పార్కింగ్‌లో మూలన ట్యూబ్‌లైటు వెలగకపోతే ఏ కెమెరా పెట్టినా నీడలే వస్తాయి. డీవీఆర్‌ని తాళం వేసే గదిలో పెట్టండి, చిన్న యూపీఎస్ ఇవ్వండి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. టైము కూడా సరిచూడండి. ఫుటేజీలో గంట తేడా ఉంటే పోలీసులకు అదో తలనొప్పి.

సైనిక్‌పురి మాజీ సైనికుడు:

ట్రెజరర్ గారూ, ఆర్మీ నుంచి రిటైరయ్యాక గచ్చిబౌలి వైపు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేశాను. అక్కడ చూసింది చెప్తాను. ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషి కాపలా కాయలేడు. అది అతని తప్పు కాదు, మనం అడగకూడని పని అడుగుతున్నాం. ఆయన్ని తీసేయకండి. ఏ పనమ్మాయి ఏ ఇంటికి వస్తుంది, ఏ ప్లంబర్ ముఖం కొత్తది, ఏ ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటారు, ఇవన్నీ మీ వాచ్‌మన్‌కి తెలుసు. నెలకో గార్డు మారే ఏజెన్సీకి అది రాదు. పగటి పనులు ఆయనకే ఉంచి, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు దాకా ఒక్క గార్డుని పెట్టుకోండి. ఆ జీతం నెలనెలా మెయింటెనెన్స్‌లోంచే రావాలి, కార్పస్ ముట్టుకోవద్దు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్స్ కాపీ అడగండి. నీళ్ళు నమిలితే అక్కడే లేచి వచ్చేయండి. గార్డుకి పోలీస్ వెరిఫికేషన్ అయిందో లేదో, శిక్షణ పూర్తయిన సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. కొత్తవాళ్ళకు తరగతి గదిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ ఉండాలని కేంద్రం మోడల్ రూల్స్‌లో ఉంది. చాలాచోట్ల ఒక యూనిఫాం, ఒక విజిల్ ఇచ్చి పంపేస్తారు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న అడగండి: గార్డు రాకపోతే ఎవరొస్తారు? పగలు వేరే చోట డ్యూటీ చేసినవాణ్ణే రాత్రి మీ దగ్గరికి తోలితే వాడూ కుర్చీలో నిద్రపోతాడు. ఆ షరతు అగ్రిమెంట్‌లో రాయించండి.

పండక్కి ఎవరు ఊరెళ్తున్నారో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, నోటీస్ బోర్డు మీద అసలే వద్దు. ఆ వివరాలు సెక్రటరీకి చెప్పాలి, ఆయన పోలీస్ స్టేషన్‌కి చెప్పాలి. ఏటా సంక్రాంతికి హైదరాబాద్ పోలీసులు అడిగేది కూడా అదే.

మధురవాడ అమ్మ:

మీ అందరి మాటలూ చదివాను. బైకులు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. మాకు భయం వేరే చోట ఉంది. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది పోయారు. కింద పుట్టిన పొగ మెట్ల దారిలోంచే పైకి వస్తుంది. మనం దిగాల్సింది కూడా అదే దారిలో. మీ స్టిల్ట్‌లో మీటర్ల బోర్డు పక్కన పాత పరుపులు, పెయింట్ డబ్బాలు ఉన్నాయేమో ఒకసారి చూడండి. స్కూటర్ చార్జింగ్ వైరు ఎక్కడినుంచి లాగారో చూడండి. మంటలు ఆర్పే సిలిండర్ల మీద రీఫిల్ తేదీ చదవండి. మా బిల్డింగ్‌లో మెట్ల మీద చెప్పుల స్టాండ్లు తీయించడానికి ఎన్ని గొడవలు పడ్డామో! సంపు మూతకి తాళం లేకపోతే రేపు పొద్దున్నే వేయించండి, అక్కడ చిన్నపిల్లలు ఆడతారు.

యాప్ గురించి ఒక్క మాట. మా దగ్గర అది పెట్టాక పనిమనుషుల సంచులు వెతకడం మొదలైంది. కారులో వచ్చినవాళ్ళని మాత్రం ఎవరూ ఆపరు. అది చూసి నా మనసు చివుక్కుమంది. పోట్లాడి ఆపించాను. అడిగితే అందరినీ ఒకేలా అడగాలి.

నిజాంపేట్ ట్రెజరర్:

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే కిందికెళ్ళి చూశాను, డిస్క్ ఒక టీబీదే. మీటర్ల పక్కన పరుపులు లేవు కానీ ఒక పాత సోఫా, పెయింట్‌లో కలిపే టిన్నర్ డబ్బాలు రెండు ఉన్నాయి. యజమానికి ఫోన్ చేశాను, సాయంత్రానికల్లా తీసేస్తానన్నారు. డిస్క్, పార్కింగ్ లైట్లు, ఆర్పే సిలిండర్ల రీఫిల్, సంపు మూత కలిపినా రెండు లక్షల్లో సగం కూడా కాదు. రాత్రి గార్డు జీతాన్ని ఫ్లాట్‌కి ఇంతని పంచి ఆదివారం మీటింగ్‌లో పెడతాను. వాచ్‌మన్ మీద గ్రూపులో రాసిన మాట ఆ పెద్దమనిషి అదే గ్రూపులో వెనక్కి తీసుకోవాలని కూడా అడుగుతాను. దీనిలో తగ్గను.

ఒక సందేహం మిగిలింది. మా పక్క బిల్డింగ్ డాబాకీ మా డాబాకీ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం. అందుకని డాబా తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుంది, తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది. మంటలొస్తే ఏం చేయాలి?

సైనిక్‌పురి మాజీ సైనికుడు:

తాళం తీసేసి, మెట్ల వైపు నుంచి మాత్రమే తెరుచుకునే గట్టి ఇనుప గడియ పెట్టించండి. అటువైపు నుంచి వచ్చినవాడు తీయలేడు, లోపలివాళ్ళు తాళంచెవి వెతుక్కోనక్కర్లేదు. పిల్లలకు అందనంత ఎత్తులో, పెద్దవాళ్ళు చెయ్యెత్తితే అందేలా బిగించమనండి. తలుపు తెరిస్తే మోగే మాగ్నెట్ అలారం తక్కువ ధరకే దొరుకుతుంది, దాని బెల్ రాత్రి గార్డు కుర్చీ దగ్గర పెట్టించండి.