పరిశోధన నెట్‌వర్క్‌లో పల్లెలకు చోటు ఉండాలా?

కనిగిరి మాస్టారు (చర్చ ప్రారంభం)

మా ఊరి గ్రంథాలయం డాబా మీద ఒక రేడియో డిష్ ఉంది. అక్కడి నుంచి ఉన్నత పాఠశాలకు, ఆరోగ్య ఉపకేంద్రానికి, వీధి మలుపుల్లోని ఆరు వైఫై పెట్టెలకు లింకులు మేమే కట్టుకున్నాం. ఈదురుగాలికి తాటిమట్ట అడ్డం వచ్చి లింకు పడిపోతే నిచ్చెన వేసుకొని ఎక్కేది మా ఊరి కుర్రాళ్లే. పరికరాలు చందాలతో కొన్నాం. పీఎం-వాణి అనే కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం కింద పబ్లిక్ డేటా ఆఫీసుగా, అంటే వైఫై పంచే కేంద్రంగా చేరాం కనుక లైసెన్సు ఇబ్బంది లేదు. మేం మోయలేకపోతున్నది ఊరి నుంచి బయటికి వెళ్లే లైను ఖర్చు ఒక్కటే. ఇంటికైతే నెలకు వందల్లో ఇచ్చే వేగాన్నే, పదిమందికి పంచుతామని చెప్పగానే ఒక సంస్థ లీజ్డ్ లైను, అంటే ప్రత్యేకంగా అద్దెకిచ్చే లైను కింద లెక్కగట్టి వేలల్లో అడిగింది.

మాకు ఏడు కిలోమీటర్ల దూరంలోని ఇంజినీరింగ్ కళాశాలకు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ లైను ఉంది. దేశంలోని విద్యాసంస్థలను, పరిశోధనాలయాలను కలిపే ప్రభుత్వ పరిశోధన నెట్‌వర్క్ అది. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 5,990 కోట్ల రూపాయల అంచనాతో దాన్ని ఆమోదించింది. సెలవుల్లో, రాత్రివేళల్లో ఖాళీగా ఉండే సామర్థ్యంలో కొంత ఇవ్వండి, అయ్యే ఖర్చు మేమే భరిస్తామని అడిగితే కుదరదన్నారు. ప్రజాధనంతో వేసిన లైను విషయంలో ఈ నిరాకరణ న్యాయమేనా?

సర్వర్ గది

మాస్టారూ, మీ శ్రమ మీద గౌరవంతోనే చెబుతున్నాను, కళాశాల కాదనడం సరైనదే. నేను పదకొండేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలో ఇలాంటి లైనే చూసుకుంటున్నాను. గ్రాఫులో ఖాళీగా కనిపించేదంతా మిగులు కాదు. పరిశోధకుల అవసరం చెప్పి రాదు, ఒక్కసారిగా మీద పడుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధనాలయపు ప్రయోగాల డేటాను ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం అందుకునేది ఇలాంటి నెట్‌వర్క్ మీదుగానే. టెరాబైట్ల ఫైళ్లు కదిలే సమయంలో కొద్దిపాటి ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, దారిలో పడిపోయినా అంత దూరపు బదిలీ వేగం అమాంతం కుంగిపోతుంది. అందుకే కావాలనే ఖాళీ ఉంచుకొని నడుపుతారు.

పైగా మీ ఊరివాళ్లు రాత్రి చూసే వీడియోలు పరిశోధన నెట్‌వర్క్ లోపల ఉండవు. బయటి ఇంటర్నెట్ నుంచి తెచ్చివ్వాలి, ఆ బ్యాండ్‌విడ్త్‌ను (డేటా మోసే సామర్థ్యాన్ని) ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొనాలి. ఎవరైనా దాని మీద మోసం చేస్తే కనిపించే ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో లైనును గుర్తించే సంఖ్య, కళాశాలది, పోలీసులు వచ్చేది మా గదికి. ఇంకొక మాట. 200 ఎంబీపీఎస్ వేగం దాకా ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను పీఎం-వాణి కేంద్రాలకు రెట్టింపు ధరకు మించకుండా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో ఆదేశించింది. ముందు ఆ హక్కు వాడుకోండి.

పాడేరు దారి

ఆ ఆదేశం మంచిదే కానీ, ఫైబర్ చేరిన ఊరికే అది పనికొస్తుంది. మా కొండ మీద ఏ సంస్థా ఫైబర్ వేయలేదు. లేని ప్లానుకు రెట్టింపు ధర ఎంతైతే మాకేం?

అయ్యా, పరిశోధన నెట్‌వర్క్ అంటే పరులు తాకరాదన్న నియమం పుట్టినచోటే అది అంత గట్టిగా లేదు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ నడిపించిన పరిశోధన నెట్‌వర్క్ పేరు ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్. దాని వెన్నెముక లైన్ల మీద వ్యాపార ట్రాఫిక్‌ను నిషేధించిన ఆ సంస్థే, ప్రాంతీయ నెట్‌వర్క్‌లను మాత్రం విద్యేతర ఖాతాదారులను చేర్చుకొమ్మని ప్రోత్సహించింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. గుంత తవ్వడానికి, స్తంభం మీద కేబుల్ లాగడానికి అయ్యే ఖర్చు ఎంతమంది వాడినా ఒకటే కనుక, వాడేవారు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది, విశ్వవిద్యాలయాల వాటాతో సహా. 1995 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మూతపడేనాటికి ఆ ప్రాంతీయ నెట్‌వర్క్‌లు తమ కాళ్ల మీద తాము నిలబడగలిగాయంటే అందులో ఈ నిర్ణయం పాలు చాలా ఉంది.

సర్వర్ గది

ఆ చరిత్ర నిజమే, ఒప్పుకుంటాను. అయితే అదే అమెరికాలో 2010లో విశ్వవిద్యాలయాల పరిశోధన నెట్‌వర్క్ ఇంటర్నెట్2కు 6.25 కోట్ల డాలర్ల ప్రభుత్వ నిధి దక్కినప్పుడు, తలుపు తెరిచింది ఇళ్లకు కాదు. గ్రంథాలయాలు, బడులు, ఆసుపత్రులు వంటి ప్రజాసంస్థలకు. ఆ లెక్కన మాస్టారి ఊరి గ్రంథాలయాన్ని చేర్చాలంటే నేను కూడా సంతకం పెడతాను. గ్రంథాలయం గోడ దాటి వీధిలోకి వస్తే మాత్రం పెట్టను.

పాలమూరు గ్రంథపాలకురాలు

నాదొక ప్రశ్న. మా గ్రంథాలయం రాత్రి ఎనిమిదికి మూసేస్తాం. పోటీ పరీక్షలకు చదివే అమ్మాయిలు ఆ తరువాత కూడా మెట్ల మీద, వైఫై అందే మేరకు గోడను ఆనుకొని కూర్చుంటారు. వాన వస్తే సంచీలు తల మీద పెట్టుకొని ఉంటారే తప్ప లేవరు. సర్వర్ గది గారు చెప్పిన గోడకు వాళ్లు లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా?

బార్సిలోనా తెలుగువాడు

ఆ ప్రశ్నకు జవాబు గోడలో కాదు, మనం ఏ వస్తువును అడుగుతున్నామన్న దానిలో ఉందని నాకు అనిపిస్తోంది. ఇక్కడ కాటలోనియా పల్లెల్లో 2004లో గిఫి.నెట్ అనే సామూహిక నెట్‌వర్క్ మొదలైంది. పెద్ద సంస్థలు రాని ఊళ్లలో జనమే డాబాల మీద యాంటెన్నాలు పెట్టుకున్నారు, తరువాత ఫైబరూ వేసుకున్నారు; నేడు 35 వేలకు పైగా నోడ్లు, అంటే కలిసిన చోట్లు, ఉన్నాయి. వాళ్లు 2008లో ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేసి, దాని పేరు మీద బార్సిలోనాలోని క్యాట్‌నిక్స్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే వేర్వేరు నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలిసే కేంద్రంలో చేరారు. గమనించవలసింది ఏమిటంటే, క్యాట్‌నిక్స్‌ను నడిపేది ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాల ఉమ్మడి సంస్థ, పరిశోధన నెట్‌వర్క్‌ను నడిపేదీ అదే. పరిశోధకుల లైనులో వాటా అడగనక్కరలేదు. నెట్‌వర్క్‌లన్నీ కలిసేచోటికి చేరితే అక్కడ బ్యాండ్‌విడ్త్ టోకు ధరకు దొరుకుతుంది, దాని బాధ్యత కూడా కొన్నవారిదే అవుతుంది.

మన దగ్గర హైదరాబాదులో నిక్సి అనే అలాంటి ఎక్స్ఛేంజ్ ఉంది. పల్లెకు లేనిది అక్కడిదాకా దారి. సర్వర్ గది గారూ, ఒకే ఫైబర్ మీద వేరే రంగు కాంతితో వేరే దారి నడపవచ్చని మీకు నాకంటే బాగా తెలుసు. అది సెర్న్ డేటాను తాకదు, కళాశాల ఐపీ చిరునామానూ వాడదు.

సర్వర్ గది

తాకదు. దానికి రెండు చివరలా పరికరాలు కావాలి, చిన్న కళాశాలకు వచ్చే లైనులో అందరికీ ఆ వీలుండదు. కానీ జిల్లా కేంద్రం నుంచి హైదరాబాదు దాకా అయితే ఉంటుంది. ఆ మేరకు నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. గ్రంథపాలకురాలు గారూ, ఆ అమ్మాయిలు లోపలే ఉన్నట్టు.

కనిగిరి మాస్టారు

అయితే నా అర్జీ మారుస్తున్నాను. కళాశాలను ఇంటర్నెట్ అడగను. గ్రంథాలయాన్ని ప్రజాసంస్థగా పరిశోధన నెట్‌వర్క్‌లో చేర్చమని ఒక కాగితం, జిల్లా కేంద్రం నుంచి ఎక్స్ఛేంజ్ దాకా దారిని మాత్రమే, అసలు ఖర్చుకు, నమోదైన సహకార సంఘాలకు ఇవ్వమని ఇంకొక కాగితం రాస్తాను. మా ఊరి నుంచి జిల్లా కేంద్రం దాకా సంగతి మిగిలింది. కరెంటు స్తంభాల మీద రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ వేసిన తీగ మా మండలంలో ఎక్కడిదాకా వచ్చిందో కుర్రాళ్లు రేపు సైకిళ్ల మీద వెళ్లి స్తంభం స్తంభం చూసి వస్తామన్నారు. సర్వర్ గది గారూ, రెండో కాగితంలోని సాంకేతిక భాగం మీరు ఒకసారి చూసి పెట్టాలి.