ముందు చక్రం క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా లోపలికో బయటికో వాలే కోణం) ఇంట్లోనే సరిచేయొచ్చా? వైజాగ్‌లో ఎవరైనా చేశారా?

నా పాత స్విఫ్ట్‌కి ఎడమ ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోతోంది, చెయ్యి పెడితే నున్నగా తగులుతోంది. దారానికి బరువు కట్టి చక్రం పక్కన వేలాడదీసి కొలిచాను. రిమ్ పై అంచు కింది అంచుకన్నా 6 మిల్లీమీటర్లు లోపలికి ఉంది, అంచుల మధ్య దూరం 360, అంటే దాదాపు 1 డిగ్రీ నెగటివ్. కానీ మధురవాడలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ నీళ్లు పోవడానికి కాస్త వాలుగా కట్టారు, అందుకే బండిని తిప్పి పెట్టి మళ్లీ కొలిచి సగటు తీసుకుంటే సరిపోతుందా?

స్ట్రట్‌ని (షాక్ అబ్జార్బర్ ఉండే భాగం) నకిల్‌కి (చక్రం హబ్‌ని పట్టుకునే భాగం) బిగించే రెండు బోల్టుల్లో పైదాని బదులు క్యాంబర్ బోల్టు (తిప్పితే చక్రం వాలు మారే బోల్టు) వేయొచ్చంటున్నారు. దాని బదులు స్ట్రట్ బోల్టు రంధ్రాన్ని అరగదీసి పెద్దది చేయడం నాకు భయం. సింహాచలం ఘాట్ ఎక్కిదిగే బండి, ఇంట్లోవాళ్లు కూర్చుంటారు. తర్వాత టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎలాగూ అలైన్‌మెంట్ షాపులో చూపిస్తాను. గాజువాక, ఆటోనగర్ వైపు ఆ బోల్టులు దొరుకుతాయా, ఎంత టార్క్‌తో బిగించాలి? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.