క్లాసులో జిప్ కవర్ ఐస్‌క్రీమ్: పాలు గడ్డకట్టడం లేదు

ప్రశ్న:
తొమ్మిదో తరగతికి గుప్తోష్ణం (ఐసు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే పీల్చుకునే వేడి) చూపించడానికి ఐస్‌క్రీమ్ చేయించాలి. 40 మంది, 8 గ్రూపులు, ఒకే పీరియడు. ట్రయల్‌లో పాల కవరును ఐసున్న పెద్ద కవర్లో పెట్టి, అర కిలో ఐసుకు రెండు చెంచాల ఉప్పు వేసి కుదిపితే పావుగంటకీ పాలు లస్సీలాగే ఉన్నాయి. ఒక కవర్లో ఉప్పగా కూడా అయింది. తేడా ఎక్కడ?

జవాబు 1:
ఉప్పు చాలలేదు మేడమ్. తూకంలో మూడు వంతుల ఐసుకు ఒక వంతు ఉప్పు పడాలి. గ్రూపుకు 750 గ్రాముల ఐసు, 250 గ్రాముల కళ్ళుప్పు. దారిలో కరిగేదానికి ఇంకో 2 కిలోల ఐసు ఎక్కువ తెప్పించండి. లోపలి కవర్లో 100 మి.లీ. చిక్కటి పాలు, 50 మి.లీ. ఫ్రెష్ క్రీమ్, టేబుల్ స్పూన్ పంచదార, రెండు చుక్కల వెనిలా. పాలు కాచి ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టాలి. 35 డిగ్రీల పాలు పోస్తే వాటిని 5కి దించడానికే 50 గ్రాముల పైచిలుకు ఐసు కరిగిపోతుంది.

ఐసును గోనెసంచిలో వేసి సుత్తితో గోలీకాయంత ముక్కలు చేయండి. పెద్ద గడ్డలు కవరుకు ఆనవు. 8–10 నిమిషాలు ఆపకుండా కుదపాలి. ఆపితే అంచున గట్టి పొర కట్టి మధ్యలో నీళ్ళలా ఉంటుంది, తింటుంటే పలుకులు తగులుతాయి.

జవాబు 2:
ఉప్పగా అయిందంటే కవరు మూతి దగ్గరే లోపం. గాలి పిండేసి మూసి, ఇంకో చిన్న కవర్లో తలకిందులుగా పెట్టండి. తెరిచే ముందు మూతిని చన్నీళ్ళతో కడగాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. బయట కొన్న ఐసు గడ్డ తాగే నీళ్ళది కాకపోవచ్చు, అదొక కారణం. చేతులకు తువ్వాలు తప్పనిసరి: ఆ ఐసు, ఉప్పు మిశ్రమం మైనస్ 15 దాకా దిగగలదు. ల్యాబ్ థర్మామీటర్లు చాలావాటికి స్కేలు మైనస్ 10 దగ్గరే ఆగిపోతుంది, డిజిటల్‌ది వాడండి.

జవాబు 3:
ఒక గ్రూపుకు ఉప్పు లేకుండా ఇవ్వండి. నన్నడిగితే అసలు పాఠం అదే. తీపి పాలు గడ్డకట్టాలంటే సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి పోవాలి. ఒట్టి ఐసు కరుగుతున్నంతసేపూ సున్నా దగ్గరే నిలబడుతుంది. "ఉప్పు చల్లదనం ఇస్తుంది" అని పిల్లలు రాస్తారు, అది తప్పు. ఉప్పు ఉంటే ఐసు సున్నా కింద కూడా కరుగుతుంది. గ్రాము కరగడానికి 334 జౌళ్ళ వేడి కావాలి, అది పాల నుంచీ మిగతా ఐసు నుంచీ లాక్కుంటుంది. ఎంత ఉప్పు పోసినా మైనస్ 21 దాటదు.

ప్రశ్న అడిగినవారు:
కళ్ళుప్పే కావాలా?

జవాబు 1:
మెత్తటి ఉప్పూ పనిచేస్తుంది, కాకపోతే ముద్దకడుతుంది. ఐసు మధ్య పొరలుపొరలుగా చల్లండి. మిగిలిన ఉప్పునీళ్ళు మొక్కల్లో పోయనివ్వకండి.