విష పుట్టగొడుగా, కుక్కగొడుగా?

మా తమ్ముని కొడుకు సెలవులకు నల్లగొండ వచ్చి పొద్దంతా పాత మారియో వీడియో ఆటలు ఆడుతున్నాడు. నిన్న రిమోట్ నా చేతికిచ్చాడు. ప్రశ్న గుర్తున్న డబ్బాను తలతో గుద్దితే పుట్టగొడుగు బయటికొచ్చింది. తింటే మారియో పెద్దగవుతాడని నాకు ఎరుకే కదా, ఉరికి పోయి పట్టుకున్నాను. మారియో చచ్చిపోయాడు. "అది పాయిజన్ మష్రూమ్ పెద్దనాయినా, రంగు చూస్కోవా?" అని ఒకటే నవ్వు.

1985 నాటి మొదటి ఆటలో పుట్టగొడుగంటే మేలే. 1986లో జపాన్‌లో వచ్చిన రెండోదాంట్లో మొదటి లెవెల్లోనే ఈ మాయది పెట్టారు. దీనికి తెలుగులో ఏం పేరు పెడదాం? విష పుట్టగొడుగు అంటే పేరులోనే గుట్టు రట్టయింది. మోసం ఎక్కడుంది ఇంక? ఇదే మాట నలుగురినీ అడిగితే ఇట్లా జవాబులొచ్చాయి.

మిర్యాలగూడ నుంచి: మేడిపండు అనండి సార్. వేమన ఎప్పుడో చెప్పాడు.

నేను: ఆ పద్యంలో మూడో పాదం అందరం మింగేస్తాం అన్నా. "పిరికివాని మదిని బింకమీలాగురా". ఆయన మాట్లాడింది పిరికోడి బింకం గురించి. పైగా పురుగుల పండైతే పారేస్తాం, అది మన ప్రాణం తియ్యదు.

వనపర్తి నుంచి: పయోముఖ విషకుంభం. పైన పాలు, లోపల విషం. అతికినట్టు సరిపోతుంది.

నేను: అర్థానికి ఢోకా లేదు. కానీ ఆ మాట నోట్లోంచి బయటికొచ్చేలోపు పిల్లగాడు రెండు లెవెల్స్ దాటేస్తాడు.

దేవరకొండ నుంచి: ఉన్న మాటే కదా, కుక్కగొడుగు! తొలకరికి పుట్టల మీద లేచేది పుట్టగొడుగు, కూరకు. పెంటకుప్పల మీద లేచేది కుక్కగొడుగు. చిన్నప్పుడు నేను గౌను నిండా ఏరుకొస్తే, మా అమ్మమ్మ ఒక్కొక్కటి తిరగేసి చూసి సగానికి సగం దొడ్డవతల పారేసింది. నా చేతులు బూడిద పెట్టి రెండుసార్లు కడిగించింది. నాకేమో అన్నీ ఒక్కలాగే కనిపించాయి.

నేను: ఇదే అక్కా నేను వెతుకుతున్నది! కుక్కతులసి, కుక్కవామింట, ఇవీ అంతే. ముందు కుక్క చేరిందంటే "అట్లనే ఉంటది, కానీ అది కాదు" అన్నట్టు. (పాపం, కుక్కలేం చేశాయో.) విషమని చెప్పదు, జాగ్రత్త మాత్రం చెప్తుంది.

మహబూబ్‌నగర్ నుంచి: మరి 1996లో వచ్చిన మారియో కార్ట్ 64 అనే బండ్ల పందెం ఆటలో ఉత్తుత్తి డబ్బా సంగతో? బహుమతి డబ్బా లాగే ఉంటుంది, ప్రశ్న గుర్తు ఒక్కటే తలకిందులు. గుద్దితే బండి పల్టీ. కుక్కడబ్బా అందామా?

నేను: వద్దులే, కుక్కకు అన్నం పెట్టే గిన్నె గుర్తొస్తుంది. మొలిచేవాటికి కుక్క, మనుషులు చేసిన వాటికి దొంగ. దొంగనోటు, దొంగసంతకం లాగా దొంగడబ్బా.

పొద్దుగూకినంక కుక్కగొడుగు మాట మావాడికి చెప్పాను. ఏమీ అనలేదు. గంట తర్వాత లోపలి గదిలోంచి చెల్లెలి మీద కేక వినిపించింది: "కుక్కది వస్తుందే, దుంకు!"