1833లో బ్రిటన్ బానిసత్వాన్ని ఎందుకు రద్దు చేసింది? సెమినార్ కోసం సాయం కావాలి

అలిపిరి_చదువరి (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. వచ్చే నెల 20 నిమిషాల సెమినార్ ఇవ్వాలి. అంశం బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు, దాని మీద చరిత్రకారుల వాదాలు. నోట్సులో రెండే ముక్కలున్నాయి. విల్బర్‌ఫోర్స్ లాంటి భక్తిపరులు పోరాడి రద్దు చేయించారన్నది ఒకటి. చెరకు తోటలు నష్టాల్లో పడ్డాయి కాబట్టి పెట్టుబడిదారులే వదిలించుకున్నారని ఎరిక్ విలియమ్స్ అన్నది రెండోది. రెండూ చెప్పేసి చివర్లో "రెండు కారణాలూ ఉన్నాయి" అంటే ఒప్పుకోనని మేడమ్ ముందే చెప్పారు.

నా సందేహాలు మూడు. విలియమ్స్ వాదం ఇప్పుడు ఎంతవరకు నిలబడుతుంది? యజమానులకిచ్చిన 2 కోట్ల పౌండ్ల పరిహారాన్ని ఈనాటి రూపాయల్లో ఎంతని స్లైడ్‌లో వేయాలి? ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది. మన చిత్తూరు వైపుతో దీనికి నిజంగా సంబంధముందా, లేక చెబితే అతికించినట్టు ఉంటుందా?

గిరింపేట_మాస్టారు (చిత్తూరు)

మీ నోట్సులో చిక్కంతా "రద్దు" అనే ఒక్క మాటలో ఉంది. అక్కడ జరిగినవి మూడు వేరువేరు నిర్ణయాలు. 1807లో రద్దు చేసింది వ్యాపారాన్ని మాత్రమే, అంటే ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్మడాన్ని. అప్పటికే తోటల్లో ఉన్నవాళ్లు బానిసలుగానే ఉండిపోయినారు. 1833 ఆగస్టు 28న రాజామోదం పొందిన చట్టం 1834 ఆగస్టు 1 నుంచి బానిసత్వాన్ని తీసేసింది. దాదాపు 8 లక్షల మందికి వర్తించింది. అయితే "అప్రెంటిస్" అని పేరు మార్చి, పొలం పనివాళ్లను ఆరేళ్లు, మిగతావాళ్లను నాలుగేళ్లు పాత యజమాని కిందే ఉంచినారు. వారానికి 45 గంటల దాకా కూలి లేని పని. ఆంటిగ్వా, బెర్ముడా మాత్రం ఈ మెలిక పెట్టకుండా నేరుగా విడుదల చేసినాయి. మిగతాచోట్ల గడువు తీరకముందే 1838 ఆగస్టు 1న ఆ పద్ధతి కూడా పోయింది. ఈ మూడింటికీ ఒకే కారణం వెతికితే ఏ వాదమూ నిలవదు.

ఇక విలియమ్స్. ట్రినిడాడ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, ఆ దేశం స్వతంత్రమైనప్పుడు ప్రధానమంత్రి అయిన మనిషి. 1944లో ఆయన చేసిన వాదాలు రెండు, వాటిని కలిపేయొద్దు. బానిస వ్యాపారం లాభాలు బ్రిటన్ పారిశ్రామిక విప్లవానికి పెట్టుబడి అయినాయనేది ఒకటి. అమెరికా విప్లవం తర్వాత కరీబియన్ తోటలు క్షీణించినాయి కాబట్టే రద్దు సాధ్యమైందనేది ఇంకొకటి. 1977లో చరిత్రకారుడు సేమూర్ డ్రెషర్ దెబ్బ కొట్టింది రెండోదాన్ని. బ్రిటన్ విదేశీ వాణిజ్యంలో వెస్టిండీస్ వాటా 1807కు ముందు తగ్గలేదని, నిజానికి పెరిగిందని ఆయన వాణిజ్య లెక్కలు తీసి చూపినారు. దానికి కారణం కూడా కళ్ల ముందే ఉంది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చక్కెర ఎగుమతి చేసిన ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్ 1791 బానిసల తిరుగుబాటుతో కుప్పకూలింది (1804లో అదే హైతీ అయింది). ఆ మార్కెట్టు బ్రిటిష్ తోటలకు దక్కింది. విలియమ్స్ పక్షం వాళ్లు 1806-07లో చక్కెర నిల్వలు పేరుకుపోయి ధర పడిన సంగతి ఎత్తుతారు. అది నెపోలియన్ యుద్ధంలో యూరప్ రేవులు మూసుకున్నందువల్ల వచ్చిన ఇబ్బంది. దీర్ఘకాల క్షీణత అనడానికి అది చాలదు.

అలాగని విల్బర్‌ఫోర్స్ కథకు తిరిగి పోవద్దు. కామన్స్ సభలో (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) 1791లో ఆయన బిల్లు 163-88 తేడాతో ఓడింది. 1807లో 283-16తో నెగ్గింది. పదహారేళ్లలో ఎంపీల మనసులు అంతగా కరిగినాయా? మధ్యలో 1806 చట్టాన్ని చూడండి. జేమ్స్ స్టీఫెన్ అనే న్యాయవాది బుర్రలో పుట్టిన ఎత్తు అది. శత్రుదేశాల వలసలకు, యుద్ధంలో కొత్తగా పట్టుకున్న వలసలకు బ్రిటిష్ ఓడలు బానిసల్ని తీసుకుపోకూడదని దాని సారం. దాన్ని మానవత్వం పేరెత్తకుండా యుద్ధకాలపు జాగ్రత్తగా ప్రవేశపెట్టినారు. వ్యాపారంలో పెద్ద భాగం దానితోనే తెగిపోయింది. తర్వాతి ఏడాది నీతి పేరుతో ఓటేయడం ఎంపీలకు తేలికైంది. చరిత్రకారుడు రోజర్ ఆన్‌స్టీ దీన్ని వివరంగా తవ్వినారు.

1833కు వచ్చేసరికి లెక్క మారుతుంది. 1820లలో చక్కెర ధరలు నిజంగానే దిగజారినాయి. తోటలు తాకట్టుల్లో కూరుకుపోయినాయి. 1832 సంస్కరణ చట్టం 56 బరోల (చిన్న పట్టణ నియోజకవర్గాల) సీట్లను పూర్తిగా ఎత్తేసింది. తోటల యజమానులు డబ్బిచ్చి కొనుక్కుంటున్న సీట్లు చాలావరకు అట్లాంటి బరోలలోనివే. పైగా లాంకషైర్ మిల్లు పట్టణాల నుంచి రద్దుకు మాటిచ్చి గెలిచిన ఎంపీలు వచ్చినారు. కాబట్టి విలియమ్స్ వాదం 1807కు పనికిరాదు, 1833కు సగం పనికొస్తుంది. అన్నిటికన్నా గట్టిగా నిలబడేది 1846లో. ఆ ఏడాది చక్కెర సుంకాల చట్టం బ్రిటిష్ వలసల చక్కెరకున్న రాయితీని దశలవారీగా తీసేయడంతో, బానిసలు పండించిన క్యూబా, బ్రెజిల్ చక్కెరకు తలుపు తెరుచుకుంది. బానిసత్వం పాపమని తీర్మానించిన సభే పదమూడేళ్లకు బానిసలు చేసిన చక్కెరను చవగ్గా రానిచ్చింది. నన్నడిగితే మీ సెమినార్‌కు కేంద్రం 1807, 1833, 1846 అనే ఈ మూడు తేదీల పోలికే కావాలి.

శేషాద్రి_పుటలు

పరిహారం సంగతి నేను చెబుతాను. రూపాయల్లోకి మార్చకండి. ధరల సూచీతో లెక్కిస్తే ఒక అంకె, కూలి రేట్లతో లెక్కిస్తే దానికి చాలా రెట్లు, జాతీయాదాయంలో వాటాగా లెక్కిస్తే ఇంకా పెద్దది వస్తుంది. మీకు ఒక్కోచోట ఒక్కో అంకె కనిపించడానికి కారణం ఇదే. "ఆనాటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో సుమారు 40 శాతం" అని వేయండి. ఎవరూ వేలెత్తి చూపలేరు, ఎంత పెద్ద మొత్తమో కూడా వెంటనే అర్థమవుతుంది. అందులో కోటిన్నర పౌండ్లను 1835లో నాథన్ రాత్‌షీల్డ్, మోజెస్ మాంటిఫియోరి సమకూర్చిన అప్పుగా తెచ్చారు.

"ఆ అప్పు 2015 దాకా బ్రిటిష్ ప్రజలు కట్టారు" అన్న మాట ఇంటర్నెట్టులో బాగా తిరుగుతోంది. 2018లో బ్రిటన్ ఆర్థికశాఖే అలా ప్రకటించింది. కానీ ఆ అప్పు కాలక్రమంలో ఇతర ప్రభుత్వ బాండ్లలో కలిసిపోయింది, 2015లో తీర్చింది అలా కలిసిపోయిన బాండ్లను. ఆ ఒక్క వివరణ చేర్చకుండా స్లైడ్‌లో వేస్తే ప్రశ్న తప్పదు. విడుదలైనవాళ్లకు ఒక్క పెన్నీ దక్కలేదన్నది మాత్రం ఏ సందేహమూ లేకుండా చెప్పొచ్చు.

గానుగ_కాడ (పూతలపట్టు)

పైన మాస్టారు చెప్పినదంతా లండన్‌లో కూర్చున్నవాళ్ల కథ. బానిసలుగా ఉన్నవాళ్లు ఏం చేశారో అందులో ఎక్కడా లేదు. విలియమ్స్ పుస్తకం చివర ఒక అధ్యాయం వాళ్ల గురించే ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు.

చెరకు సంగతి మన జిల్లాలో ఎవరికీ వివరించక్కర్లేదు. నరికిన గడను గానుగకు తోలడం రెండు రోజులు ఆలస్యమైతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. జమైకాలోనూ అంతే. అందుకే జనవరి నుంచి నాలుగైదు నెలలు గానుగ రాత్రింబవళ్లు ఆగేది కాదు. నిలువుగా మూడు రోలర్లు, వాటి మధ్యకు చేత్తో గడలు తోసేవాళ్లు. నిద్రమత్తులో చెయ్యి లోపలికి పోతే నరికేయడానికి పక్కనే గొడ్డలి పెట్టి ఉంచేవారని అప్పటి రాతలు చెబుతాయి. రసాన్ని వరసగా పేర్చిన రాగి బానల్లో పెద్దదాన్నుంచి చిన్నదానికి గరిటెలతో మారుస్తూ కాచేవాళ్లు.

ఇప్పుడు తేదీ గమనించండి. శామ్యూల్ షార్ప్ అనే బానిస, బాప్టిస్టు బోధకుడు కూడా, సమ్మెకు ఎంచుకున్న సమయం 1831 క్రిస్మస్ సెలవు. సెలవు అయిపోగానే కూలి ఇస్తేనే పనిలోకి వస్తామని కూర్చోవాలన్నది ఆయన ఆలోచన. చెరకు కోతకొచ్చి ఉంది, ఆలస్యమైతే పంట పోతుంది. యజమాని మెడ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు వేసిన లెక్క అది. డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ తోటలో మంటలు లేవడంతో సమ్మె తిరుగుబాటుగా మారింది. దాదాపు 60 వేల మంది కదిలారని అంచనా. చనిపోయిన తెల్లవాళ్లు 14 మంది. తర్వాత ఉరితీసినవాళ్లు, కాల్చేసినవాళ్లు 300కు పైనే. షార్ప్‌ను 1832 మే 23న ఉరితీశారు. అదే నెలలో కామన్స్ సభ బానిసత్వాన్ని ఎలా ముగించాలో విచారించడానికి కమిటీ వేసింది. జమైకా నుంచి వెళ్లిన మిషనరీ విలియం నిబ్ దాని ముందు సాక్ష్యం చెప్పాడు. ఇంకా ఆగితే ఇంకో హైతీ అవుతుందన్న భయాన్ని కారణాల జాబితాలో చివరన పెట్టకండి.

అలిపిరి_చదువరి (తిరుపతి)

అందరికీ చాలా థాంక్స్ సార్. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ల పరిహార డేటాబేస్ తెరిచాను. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మందికి గాను 1,06,769 పౌండ్లు వచ్చినట్టు చదివాను. భాగిస్తే తలకు 42 పౌండ్ల పైచిలుకు. కానీ జమైకా సగటు 20 పౌండ్ల లోపేనని ఇంకోచోట ఉంది. నా లెక్క ఎక్కడైనా తప్పిందా?

గిరింపేట_మాస్టారు (చిత్తూరు)

లెక్క సరిగ్గానే ఉంది. తలకు ఒకే రేటు లేదు. 1830తో ముగిసిన ఎనిమిదేళ్లలో ఒక్కో వలసలో బానిసలు అమ్ముడైన సగటు ధరను బట్టి పంచినారు. కొత్త భూములుండి పనివాళ్లు చాలని గయానాలో (దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ వలస) తలకు 51 పౌండ్ల పైన, పాతబడిన జమైకాలో 20 లోపు పడింది. గ్లాడ్‌స్టన్ తోటలు ఎక్కువ గయానాలో, కొన్ని జమైకాలో. అందుకే రెండింటికీ మధ్యన 42 వచ్చింది. ఈ ఒక్క భాగహారాన్నే స్లైడ్ మీద చేసి చూపండి. మనిషిని సరుకుగా లెక్కగట్టడమంటే ఏమిటో దానికన్నా బాగా ఏ వాక్యమూ చెప్పలేదు.

డేటాబేస్‌తో రెండు జాగ్రత్తలు. డబ్బు అందుకున్న ప్రతి పేరూ యజమానిది కాదు; తాకట్టు పెట్టుకున్నవాళ్లు, వీలునామా అమలుదారులు, ట్రస్టీలు కూడా ఉంటారు. ఒకే పేరుతో ఇద్దరుండటమూ మామూలే, కాబట్టి క్లెయిమ్ నంబరు, వలస పేరు రెండూ రాసుకోండి. పైసల్లాగా దశాంశం వేయొద్దు, అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

ఇక మూడో సందేహం. సంబంధం అతికించాల్సిన పని లేదు, చట్టంలోనే ఉంది. 1833 చట్టం 64వ సెక్షన్ ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలను, సిలోన్‌ను, సెయింట్ హెలీనాను మినహాయించింది. మన దేశంలో 1843 నాటి 5వ చట్టంతో కోర్టులు బానిస హక్కును గుర్తించడం మానినాయి. బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. అంటే లండన్‌లో మానవత్వం గెలిచిందన్న సంవత్సరంలోనే మనల్ని పక్కన పెట్టినారు. విగ్ కథనమంటే ఏమిటని మేడమ్ అడిగితే ఈ సెక్షన్ చూపండి. గతాన్ని నేటి మంచికి నేరుగా ఎక్కే మెట్లుగా రాసే పద్ధతి అది, చరిత్రకారుడు బటర్‌ఫీల్డ్ 1931లో దాన్ని ఎత్తిచూపినారు. ఆ మెట్ల వరసలో 64వ సెక్షన్‌కు చోటు దొరకదు.

అదే జాన్ గ్లాడ్‌స్టన్ అప్రెంటిస్ పద్ధతి ముగిసిపోతుందని తెలిసి కలకత్తా నుంచి ఒప్పంద కూలీలను తెప్పించినాడు. విట్బీ, హెస్పరస్ అనే ఓడలు 1838 మేలో గయానా చేరినాయి. తర్వాత ఇదే పద్ధతి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు పోయింది. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడ బయలుదేరింది మద్రాసు నుంచి. 1911 దాకా నటాల్‌కు పోయిన సుమారు లక్షా 52 వేల మందిలో ఎక్కువమంది మద్రాసు రేవు దాటినవాళ్లే, అందులో ఉత్తర ఆర్కాటు ముఖ్యమైన జిల్లా. ఆ జిల్లా కేంద్రం అప్పట్లో చిత్తూరే.

శేషాద్రి_పుటలు

నటాల్ ఓడల జాబితాలు ఇంటర్నెట్టులో దొరుకుతాయి. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు వరసగా రాసి ఉంటాయి. "చిత్తూరు జిల్లా" అని వెతికితే ఏమీ రాదు, ఆ జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడింది. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు పెట్టి, తాలూకా గడిలో చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు చూడండి. తిరుపతి అప్పుడు చంద్రగిరి తాలూకాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు కావాలంటే కడప జిల్లా కింద చూడాలి. ఊళ్ల పేర్లు గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లిషు అక్షరాల్లో రాశాడు కాబట్టి ఒక ఊరికి నాలుగైదు స్పెల్లింగులు వేసి చూడండి. మీ 20 నిమిషాల్లో దీనికి మూడు నిమిషాలు చాలు, కానీ ఒక మనిషి ఎంట్రీని పూర్తిగా చదివి వినిపించండి.