సొంత పంటతో ఉత్పత్తులు తయారుచేసి అమ్మాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

మా కుటుంబం టమాటాతో పాటు కొన్ని పండ్ల తోటలు సాగు చేస్తోంది. పంటంతా ఒకేసారి చేతికి రావడంతో కోతల మధ్యలోనే ధర పడిపోతోంది. చిన్నవనీ, మచ్చలున్నాయనీ పక్కన పెట్టిన కాయలను అడిగేవారే ఉండడం లేదు. వాటితో గుజ్జు, జామ్, ఎండు ముక్కలు తయారుచేసి మేమే నేరుగా అమ్మాలని అమ్మ, తమ్ముడు పట్టుదలగా ఉన్నారు. పొలం పని వెనకబడుతుందని నాన్నగారు వెనకాడుతున్నారు. దేనితో మొదలుపెట్టాలో, పెట్టుబడికి ముందు ఏమి చూసుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:

నమస్కారమండీ. జామ్‌తోనో, ఎండు ముక్కలతోనో మొదలుపెట్టండి. టమాటా గుజ్జును సీసాల్లో నింపే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గాలి చొరకుండా మూసిన సీసాలో పీహెచ్ (పులుపును తెలిపే అంకె, పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) 4.6 దాటితే బొటులినమ్ బ్యాక్టీరియా పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేయగలదు. దాని సిద్ధబీజాలు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) మరిగే నీటిలో కూడా బతుకుతాయి కనుక, వాటిని చంపడానికి ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయవలసి వస్తుంది. టమాటా పులుపు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఊగిసలాడుతుంది. బాగా మగ్గిన కాయలో అది ఇంకా తగ్గుతుంది, నాలుకకు ఆ తేడా తెలియదు. అందుకే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ప్రతి విడతనూ పీహెచ్ మీటరుతో కొలిచి రాసుకునే అలవాటు వచ్చాకే గుజ్జు జోలికి వెళ్లాలి.

జామ్‌కైతే కరిగిన ఘనపదార్థం (ముఖ్యంగా చక్కెర) 65 శాతానికి చేరేదాకా ఉడికించాలి. ఆ శాతాన్ని చూపే రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరం గాజుపై చల్లారిన జామ్ ఒక చుక్క వేసి వెలుగువైపు పెట్టి చూస్తే, నీడ అంచు ఏ అంకె దగ్గర ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకొక మాట: మచ్చ ఉన్న కాయ పనికొస్తుంది, బూజు పట్టిన కాయ ఎంత కోసి పారేసినా పనికిరాదు.

సమాధానం 2:

పై సలహాతో ఏకీభవిస్తూనే, ఎండు ముక్కల విషయంలో ఒక లెక్క చెప్పాలి. టమాటాలో దాదాపు 94 శాతం నీరే కనుక 100 కిలోల కాయలు ఎండితే ఏడెనిమిది కిలోలకు మించి మిగలదు. కాయ ఊరికే వస్తోందనుకుని ధర కడితే మునిగిపోతారు. కడగడం, కోయడం, ఆరబెట్టడం, సీసాలు, చీటీలు, రవాణా అన్నీ వేసుకుని, అమ్మగారి పనికీ తమ్ముడి పనికీ బయటివారికి ఇచ్చే కూలీ ఎంతో అంతా కలపండి. ఇంటివారి శ్రమను లెక్కలో వేయని లాభం లాభం కాదని నా గట్టి నమ్మకం.

మీ నాన్నగారి సందేహం న్యాయమైనది, ఎందుకంటే కోతలు ముమ్మరంగా ఉన్న వారాల్లోనే తయారీ పని కూడా మీద పడుతుంది. వీలైతే పండ్లను ఆ రోజే గుజ్జు తీసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, జామ్ వండడం కోతలు ముగిశాక పెట్టుకోండి.

సమాధానం 3:

యంత్రాలు కొనకముందే మీ ప్రాంతంలో ఆహార తయారీకి కావలసిన అనుమతులు తెలుసుకోండి. మొదటి ఏడాది ఒకే ఉత్పత్తిని కొద్ది మొత్తంలో చేయండి. ప్రతి సీసాపై తయారీ తేదీ, విడత సంఖ్య వేసి, విడతకొక సీసాను మీ దగ్గరే దాచండి. ఫిర్యాదు వస్తే ఏ విడతను వెనక్కి తెప్పించాలో తెలుస్తుంది. రుచి చూసి మెచ్చుకున్నవారి సంఖ్యను కాక, రెండవసారి డబ్బిచ్చి కొన్నవారి సంఖ్యను చూసి వచ్చే ఏడాది ఎంత చేయాలో నిర్ణయించుకోండి.