క్యారవాన్ బస్సు రాత్రికి రాత్రి ఒరిగిపోతోంది, పొద్దున పార్కింగ్ బ్రేక్ వదలట్లేదు. ఎవరైనా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. పాత ఏసీ బస్సు కొని, మంచాలు, వంటగట్టు పెట్టించి క్యారవాన్ చేసుకున్నాం. అరకు ఘాట్ రెండుసార్లు హాయిగా ఎక్కింది.

నెల రోజులుగా మాత్రం రుషికొండ దగ్గర రాత్రి ఆపితే, తెల్లారేసరికి వెనక ఎడమ పక్క కుంగిపోతోంది. పొయ్యి మీద గిన్నెలో పాలన్నీ ఓ మూలకే చేరుతున్నాయి. మా ఆవిడ బస్సునీ నన్నూ కలిపి తిడుతోంది.

స్టార్ట్ చేస్తే గాలి మీటర్ సున్నా. 20 నిమిషాలు ఇంజిన్ నడిపినా 4 బార్ దాటదు, బ్రేక్ వదలదు. అది స్ప్రింగ్ బ్రేక్ కదా, గాలి నిండితేనే వదులుతుంది. అంటే తప్పు బ్రేకుది కాదనే నా అనుమానం. సబ్బునీళ్లు పోసి చూశాను. ఎడమ బెలోస్ (సస్పెన్షన్‌లో బస్సు బరువు మోసే గాలి తిత్తి) అడుగున బుడగలు, లెవెలింగ్ వాల్వ్ (బస్సు ఎత్తు సమంగా ఉండేలా తిత్తిలో గాలి సర్దేది) దగ్గర సన్నగా బుస్సుమనే చప్పుడు. ఉప్పుగాలికి కింద తుప్పు కూడా బాగానే ఉంది.

ఆటోనగర్ మెకానిక్ అన్నీ మార్చేయాలంటున్నాడు. నాకు అర్థం కానిది ఒక్కటే: సస్పెన్షన్‌లో లీక్ ఉంటే, మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ (ఒక లైన్‌లో గాలి పోయినా మిగతావి ఖాళీ కాకుండా ఆపేది) ఉండగా బ్రేక్ ట్యాంకు ఎందుకు ఖాళీ అవుతోంది? ఆ వాల్వే పోయిందా? ముందు దేన్ని చూడమంటారు?